బెంగళూరు దగ్గర సొంత డర్ట్ బైక్ ట్రైల్ వేసుకోవాలంటే: భూమి, వాన నీళ్లు, ఆ తర్వాతే బండి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం, నలుగురు స్నేహితులు, ఇద్దరి దగ్గర రోడ్డు మీదా మట్టి మీదా తోలే ఎక్స్‌పల్స్ బండ్లు. కనకపుర రోడ్డు దగ్గరి తురహళ్లి అడవిలో శని, ఆదివారాలు పార, గడ్డపార పట్టుకెళ్లి సొంతంగా ట్రైల్, అంటే బండి తోలే సన్న మట్టి బాట, వేసుకోవచ్చా? వేస్తే ఎలా వేయాలి? బండికి ఏమేం మార్చాలి, సైలెన్సర్ మారిస్తే లాభముంటుందా?

తురహళ్లి మాట మర్చిపోండి. సైకిళ్లవాళ్లు తొక్కుతున్నారు, బండలెక్కేవాళ్లు వస్తున్నారు, మనమెందుకు వెళ్లకూడదు అనిపించడం సహజమే. కానీ అది అటవీ శాఖ భూమి. అక్కడ మట్టి తవ్వినా, కంప కొట్టినా కర్ణాటక అటవీ చట్టం, 1963 కింద కేసు అవుతుంది. బండిని జప్తు చేసే అధికారం కూడా వాళ్లకుంది. 2021లో అటవీ శాఖే అక్కడ ట్రీ పార్క్ కడతామంటే చుట్టుపక్కల జనం వద్దని గట్టిగా అడ్డుపడ్డారు. శాఖనే ఆపిన జనం మన బండ్లను చూసి ఊరుకుంటారా? ఇంకో సంగతి, సైకిళ్లు కొన్నేళ్లపాటు తొక్కితే పడిన సన్నబాటను మన నాబీ టైర్లు, అంటే మట్టిని పట్టే పెద్ద గడ్డల టైర్లు, ఒక్క వర్షాకాలంలో గాడి చేసిపెడతాయి. వాళ్ల కోపంలో న్యాయముంది.

బన్నేరుఘట్ట వైపు అసలు ఆలోచించొద్దు. అది నేషనల్ పార్క్, ఏనుగులు తిరిగే చోటు, అక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నడుస్తుంది. రామనగరలో రాబందుల అభయారణ్యం ఉన్న రామదేవర బెట్ట, ఉత్తరాన హెసరఘట్ట గడ్డి భూములు, వీటినీ వదిలేయండి. ఎండిన చెరువులు కూడా మనవి కావు. కోలార్ జిల్లాలో ఒకప్పుడు ఎండిన చెరువు గర్భాల్లో బండ్లు తోలేవాళ్లు. 2018 నుంచి కేసీ వ్యాలీ పథకం కింద బెంగళూరులో శుద్ధి చేసిన నీళ్లు వచ్చి ఆ చెరువులు చాలావరకు నిండాయి, ఆ ముచ్చట అలా తీరిపోయింది.

మరెక్కడికి? తూర్పుకి, ఉత్తరానికి వెళ్లండి. కోలార్, శ్రీనివాసపుర, ముళబాగిలు, చింతామణి, బాగేపల్లి. ఈ పల్లెల్లో చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. భూమి అడగడానికి వెళ్లినప్పుడు ఇది చాలా పనికొస్తుంది. కనకపుర వైపు మీ వచ్చీరాని కన్నడంతో అడిగితే సిటీవాళ్లు ఏదో ప్లాన్ మీద వచ్చారని చూస్తారు. అదే ముళబాగిలు దాటాక 'పెద్దాయనా, మీ తోపులో బండ్లు తోలుకోవాలి, ఏడాదికింతని ఇస్తాం' అంటే ముందు నవ్వుతారు, తర్వాత 'మీదే ఊరు' అని అడుగుతారు, ఆ తర్వాత బేరం మొదలవుతుంది.

వెతకాల్సింది పాత నీలగిరి తోపులు. కోస్తావాళ్లు జామాయిల్ అంటారే, ఆ చెట్లే. కోలార్, చిక్కబళ్లాపుర జిల్లాల్లో ఇవి లెక్కలేనన్ని ఉండేవి. భూగర్భ జలాలు తాగేస్తున్నాయని 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నాటడాన్ని నిషేధించింది. కొందరు రైతులు పీకేసి మామిడి పెట్టారు, కొందరు ఉన్నవాటిని అలాగే వదిలేశారు. అలా వదిలేసినది, కాస్త వాలు ఉన్నది, పంట పొలాలకు ఎడంగా ఉన్నది మీకు కావాలి. 5 ఎకరాలు దొరికితే చాలు. 5 ఎకరాలంటే సుమారు 20,000 చదరపు మీటర్లు. పక్కపక్క బాటల మధ్య 10 మీటర్ల ఎడం వదిలినా మెలికలు తిప్పి దాదాపు 2 కిలోమీటర్ల లూప్ వస్తుంది. నలుగురికి అది ఎక్కువే.

డబ్బు చేతిలో పెట్టేముందు ఆ సర్వే నంబరు పహణి చూడండి. మన వైపు అడంగల్ అంటామే, అలాంటిదే. కర్ణాటక ప్రభుత్వం వారి 'భూమి' అనే వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. యజమాని పేరు ఒక్కటే చూసి ఆగకండి, ఖరాబు (సాగు లెక్కలోకి రాని భాగం) వివరం కూడా చూడండి. 'బి ఖరాబు' అని ఉంటే ఆ మేరకు అది దారో, వంకో, మరేదో ప్రజల అవసరానికి వదిలిన భూమి. రైతు ఎన్నేళ్లుగా అనుభవిస్తున్నా అది ఆయన ఇవ్వగలిగేది కాదు. గోమాళం కూడా అంతే. 'అదంతా మాదే' అని చెయ్యి ఊపి చూపించే భూమిలో సగం పశువులు మేసే సర్కారు నేల అయి ఉండడం మామూలే. హద్దు రాళ్లు నడిచి చూసుకోండి. పక్కన అటవీ భూమి ఉంటే హద్దుకు బాగా లోపలే ఆపేయండి.

రైతు ముందుగా భయపడేది చప్పుడుకి కాదు, దుమ్ముకి. చింతామణి, శిడ్లఘట్ట వైపు పట్టుపురుగుల పెంపకం ఎక్కువ. మల్బరీ ఆకు మీద దుమ్ము పడితే ఆ ఆకు పురుగులకు పనికిరాదు, దాంతో ఒక పంట గూళ్లు పోయినట్టే. శ్రీనివాసపుర వైపు అయితే మామిడి. జనవరి, ఫిబ్రవరి పూత మీద మీరు దుమ్ము లేపారంటే ఒప్పందం అక్కడితో అయిపోతుంది. అందుకే గాలి ఎటు వీస్తుంది, ఆ వైపు ఏ పంట ఉంది అని ముందే చూసుకుని, పూత నెలల్లో బండ్లు తోలబోమని మీరే కాగితం మీద రాసివ్వండి. రైతు అడగకముందే ఈ మాట మీరంటే బేరం సగం తెగినట్టే. ఇంకొకటి కూడా రాయండి: తోపులో మందు సీసాలు ఉండవని. పల్లెల్లో వీకెండ్ కుర్రాళ్ల మీద ఉన్న మొదటి అనుమానం అదే, అది ఊరికే వచ్చిన అనుమానమూ కాదు.

ఇక ట్రైల్. దీని రహస్యమంతా నీటిలో ఉంది. రాయలసీమలో వర్షాధార సేద్యం చేసిన ఇంటివాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. వాలుకు అడ్డంగా దున్నిన చేను మట్టిని పట్టుకుంటుంది, వాలు వెంబడి దున్నితే వానకు కొట్టుకుపోతుంది. ట్రైల్ కూడా అంతే. మొదటిసారి వేసేవాళ్లందరూ గుట్ట మీద నుంచి నిట్టనిలువునా కిందికి దించుతారు, తోలడానికి అదే థ్రిల్ అనిపిస్తుంది కాబట్టి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇక్కడ వానలు దంచుతాయి. ఒక్క సీజన్‌కి ఆ బాట మోకాలి లోతు గండి అవుతుంది. అప్పుడు పక్కనుంచి ఇంకో దారి వేస్తారు. రెండేళ్లకు గుట్టంతా గీతలు.

దీనికి ఒక లెక్క ఉంది, పర్వత సైకిళ్లవాళ్ల అంతర్జాతీయ సంఘం ఐఎంబీఏ ప్రచారంలోకి తెచ్చింది. బాట ఎక్కుడు ఆ చోట కొండ వాలులో సగం దాటకూడదు. కొండ వాలు 20 శాతం ఉంటే బాట 10 శాతం లోపే ఎక్కాలి. దాటితే నీళ్లు బాటను అడ్డంగా దాటిపోవు, బాట వెంటే పారతాయి. మొత్తం మీద సగటు 10 శాతం మించకుండా చూసుకోవాలి.

శాతం కొలవడానికి మేస్త్రి దగ్గరుండే నీళ్ల లెవెల్ ట్యూబు చాలు. 10 మీటర్ల దూరంలో ఇద్దరు చెరో కర్రతో నిలబడండి, రెండు చోట్లా నేలకీ నీటిమట్టానికీ మధ్య ఎత్తు కొలవండి. ఆ తేడా 1 మీటరైతే వాలు 10 శాతం. ఫోన్ యాప్ వాడితే అది చాలాసార్లు డిగ్రీల్లో చూపిస్తుంది, 10 శాతం అంటే 6 డిగ్రీల లోపే. 10 డిగ్రీలు చూసి సరిపోయింది అనుకుంటే 17, 18 శాతం బాట వేసినట్టు.

సైకిల్ ట్రైల్ పుస్తకాల్లో బాటను బయటి అంచు వైపు కాస్త వాల్చమంటారు. 60 సెంటీమీటర్ల వెడల్పు బాటకు బయటి అంచు 3 సెంటీమీటర్లు పల్లంగా ఉంటే నీళ్లు జారిపోతాయని లెక్క. ఇది తప్పకుండా చేయండి, కానీ దీన్నే నమ్ముకోవద్దు. మోటారు బండి వెనక టైరు మట్టిని రెండు పక్కలకూ చిమ్ముతుంది. కొన్నాళ్లకు మధ్యలో గాడి పడి, మీరిచ్చిన వాల్పు మాయమవుతుంది. అందుకే బండ్ల ట్రైల్‌కు అసలు ప్రాణం పల్లాలు. ఎక్కే బాట ప్రతి 15 మీటర్లకో 20 మీటర్లకో ఒకసారి కాస్త దిగి మళ్లీ ఎక్కాలి. గాడిలో పడి వస్తున్న నీళ్లు ఆ పల్లం దాటి ముందుకు పోలేక పక్కకు వెళ్లిపోతాయి. వాలు ఎక్కువున్న చోట పల్లాలు ఇంకా దగ్గరగా పెట్టండి. ప్రతి పల్లమూ 4, 5 మీటర్ల పొడవుండాలి. పొట్టిగా చేస్తే అది జంప్ అయి కూర్చుంటుంది, బండ్లు దిగిన చోట గుంట పడి అందులో నీళ్లు నిలుస్తాయి. అడ్డంగా దుంగ పాతి నీళ్లు మళ్లించే పద్ధతి మాత్రం వద్దు. తడిసిన దుంగ మీద టైరు జారుతుంది, నాలుగు రైడ్లకు దుంగ లేచి వచ్చేస్తుంది.

మలుపుకు ముందు తప్పకుండా ఒక పల్లం పెట్టండి, మలుపులోకి నీళ్లు రాకూడదు. మలుపులోకి వచ్చే బాట చివరి కొన్ని మీటర్లు ఎక్కుడు ఉంటే ఇంకా మంచిది. బండి దానంతటదే నెమ్మదిస్తుంది, బ్రేకు అంతగా అక్కర్లేదు. దిగుడులో మలుపు పెడితే అందరూ ఒకే చోట బ్రేకు కొట్టి అక్కడ అలలు అలలుగా గతుకులు తయారు చేస్తారు. ఆ గతుకులు ఎంత పూడ్చినా మళ్లీ వస్తాయి. మలుపు బయటి వైపు మట్టి గట్టు కడితే బండి దానికి ఆనుకుని తిరుగుతుంది. కానీ గట్టు కట్టిన చోట లోపలి వైపు నుంచి నీళ్లకు దారి వదలాలి, లేకపోతే మీరు కట్టింది చిన్న చెరువు.

మట్టి పని ఎప్పుడు చేయాలో రైతునే అడగండి, పదునులో అంటాడు. ఇక్కడి ఎర్రమట్టి వేసవిలో రాయి, పైపైన పౌడరు. వానలో జిగట. మధ్యలో ఆ ఒకటి రెండు రోజులే పని జరిగేది. గుప్పెడు మట్టి పిడికిట బిగించండి. ముద్ద కట్టి, వేలితో నొక్కితే పొడిపొడిగా విడిపోతే అదే పదును. తవ్వి, పరిచి, కాళ్లతో తొక్కి, ఒక వాన పడనిచ్చి, ఆరాక అప్పుడు బండి ఎక్కించండి. తవ్విన సాయంత్రమే ఎక్కించాలని చేతులు దురద పెడతాయి, ఆపుకోండి. తర్వాత మొదటి పెద్ద వాన వచ్చినప్పుడు వీలుంటే వానలోనే బాట నడిచి రండి. నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయి, ఎక్కడ బాట వెంట పారుతున్నాయి అన్నది ఆ అరగంటలో తెలిసినంతగా మరెప్పుడూ తెలియదు. ఆ చోటల్లా ఒక పుల్ల గుచ్చి రండి, పదునొచ్చాక బాగు చేయండి.

ఇక్కడ ఎవరో ఒకరు 'జేసీబీ మాట్లాడితే మధ్యాహ్నానికి అయిపోతుంది కదా' అంటారు. అవుతుంది, రోడ్డు అవుతుంది. రెండు మీటర్ల వెడల్పున మట్టి వదులైపోయి, మొదటి వానకే దిగువ పొలంలో పేరుకుంటుంది. బాటకు కావాల్సింది అడుగున 60 సెంటీమీటర్లు, హ్యాండిల్ ఎత్తున చెట్టుకూ చెట్టుకూ మధ్య కనీసం మీటరున్నర. ఎక్స్‌పల్స్ హ్యాండిల్ 85 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది కదా. పలుగు, పార, గడ్డపార, కొడవలి, ఇనుప పళ్ల రేక్, రెండు తట్టలు, ఇంతే. లాంటానా కంప వేళ్లతో సహా తవ్వి తీయండి, పైన కొడితే ఇంకా గుబురుగా వస్తుంది. శ్రీగంధం మొక్క కనబడితే చెయ్యి వేయకుండా బాటనే పక్కకు తిప్పండి.

పార పట్టకముందు తోపు మొత్తం కాలినడకన, వరుసలు వరుసలుగా, నలుగురూ కలిసి జల్లెడ పట్టండి. బండి మీద వెళ్తూ చూస్తే చాలదు. నీలగిరిని కొన్నేళ్లకొకసారి నరికి మోడు వదిలేస్తారు, ఆ మోడు నుంచి కొత్త కొమ్మలొచ్చి దాన్ని కప్పేస్తాయి. నీలగిరి తోపులో పాదాలు విరిగేది ఎక్కువగా ఈ మోడులకే. బాటకు రెండు పక్కలా మీటరు లోపున్న ప్రతి మోడుకీ సున్నం కొట్టండి, వీలైనవి నేలమట్టం కోయించండి. రెండోది, నీళ్లు పడక వదిలేసిన బోర్లు. కోలార్ జిల్లాలో వీటికి కొదవలేదు, కొన్నిటికి మూత కూడా ఉండదు. మూడోది, కప్పు లేని పాత బావులు. నాలుగోది కృషి హొండ, అంటే రైతులు తవ్వుకున్న పొలం కుంట. లోపల ప్లాస్టిక్ షీటు పరిచి ఉంటుంది. బూట్లు, గార్డులతో అందులో పడితే షీటు మీద కాలు నిలవదు, ఈతొచ్చినవాళ్లు కూడా పైకి రాలేరు. వీటి దరిదాపుల్లోకి బాట పోకూడదు. అడవి పందుల కోసం ఎవరైనా తీగకు కరెంటు పెడుతున్నారా అని రైతునే కాక పక్క రైతులనూ అడగండి. అడగడానికి మొహమాటపడాల్సిన ప్రశ్న కాదు ఇది.

బండి విషయం తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే మీ బండ్లు చాలు. ఎక్స్‌పల్స్ 200కి 21 అంగుళాల ముందు చక్రం, 220 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఉన్నాయి. బరువు మాత్రం 160 కిలోల దగ్గర, ఇరుకు మలుపుల్లో తెలుస్తుంది. కవాసాకి కేఎల్ఎక్స్ 140 లాంటివి బాగా తేలిక, కానీ వాటికి రిజిస్ట్రేషన్ ఉండదు, తోపు దాకా టాటా ఏస్‌లో ఎక్కించుకుపోవాలి. ఖర్చు పెట్టేదుంటే నిజమైన మోటోక్రాస్ బూట్ల మీద పెట్టండి, తర్వాత మోకాలి గార్డులు, తర్వాత చేతి గార్డులు, తర్వాత నాబీ టైర్లు. రోడ్డు మీద వాడే గాలిలో నాలుగైదు పీఎస్ఐ తగ్గించండి. మరీ 18 కంటే కిందికి దించితే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి రెండు చోట్ల చిల్లు పడుతుంది. ఇంటికి బయల్దేరేముందు మళ్లీ కొట్టుకోవడానికి పంపు ఉంచుకోండి.

సైలెన్సర్ మార్చొద్దు. పవర్ ఏమంత పెరగదు, చప్పుడు మాత్రం మూడు ఊళ్లకు వినబడుతుంది. ఊరివాళ్లు మిమ్మల్ని ఎన్నాళ్లు ఉండనిస్తారన్నది చాలావరకు ఆ చప్పుడే తేలుస్తుంది.

తోలడంలో మొదట నేర్చుకోవాల్సింది నిలబడడం. పాదాల నడిమి భాగం ఫుట్‌పెగ్ మీద, మోకాళ్లతో ట్యాంకు పట్టుకోవాలి, మోచేతులు బయటికి. చేతులతో హ్యాండిల్ పట్టుకుని వేలాడితే పది నిమిషాలకు ముంజేతులు బిగుసుకుపోతాయి. క్లచ్ మీదా ముందు బ్రేకు మీదా ఎప్పుడూ ఒకటి రెండు వేళ్లు ఉండాలి. చెట్ల మధ్య చెట్టును చూడకండి, సందు చూడండి. కళ్లు ఎటు వెళ్తే బండి అటే వెళ్తుంది. మలుపులో కూర్చోవాల్సి వస్తే ట్యాంకు దాకా ముందుకు జరిగి, బయటి పెగ్ మీద బరువు మోపండి. నీలగిరి ఆకు పరిచిన చోట ముందు బ్రేకు జాగ్రత్త, ఆకు కింద నేల ఎలా ఉందో తెలియదు.

ఎక్కుడులో బండి ఆగిపోతే చాలామంది ముందు బ్రేకు ఒక్కటే పట్టుకుంటారు, బండి వెనక్కి జారుతూనే ఉంటుంది. ఇంజను ఆగిపోయినా గేరులోనే ఉంచి క్లచ్ వదిలేయండి. వెనక చక్రం బిగుసుకుని బండి నిలబడుతుంది. ఊపిరి తీసుకుని, క్లచ్‌ను కొద్దికొద్దిగా నొక్కి వదులుతూ వెనక్కి దిగి, అడ్డం తిప్పుకుని కిందికి రండి. ఇది చిన్న వాలు మీద ముందే ప్రాక్టీస్ చేయండి, భయం సగం పోతుంది. వీలైతే మొదటి నెలలోనే ఒక రోజు శిక్షణ తీసుకోండి. 2015లో డాకర్ ర్యాలీ అనే పెద్ద ఆఫ్‌రోడ్ పోటీని పూర్తి చేసిన మొదటి భారతీయుడు సి.ఎస్. సంతోష్ బెంగళూరు మనిషే, ఆయన మొదలుపెట్టిన బిగ్ రాక్ డర్ట్ పార్క్ కోలార్ వైపే ఉంది. మీ తోపుకు వెళ్లే దారిలోనే పడొచ్చు.

కొన్ని కట్టుబాట్లు నలుగురే కదా అని వదిలేయొద్దు. లూప్ ఎప్పుడూ ఒకే దిశలో. దిశ మార్చాలంటే అందరూ గేటు దగ్గరికి వచ్చి, చెప్పుకుని, మళ్లీ మొదలుపెట్టాలి. ఒంటరిగా ఎవరూ తోలకూడదు. గేటు లొకేషన్ అందరి ఫోన్లలో ఉండాలి, 108కి తెలుగులోనో కన్నడలోనో దారి చెప్పగలిగేలా ఊరి పేరు, దగ్గరి గుడి పేరు తెలిసుండాలి. మీ బైకులు కాకుండా ఒక కారో, టాటా ఏసో అక్కడ ఉండాలి. మామూలు మోటారు ఇన్సూరెన్స్ రేసింగ్‌ను కవర్ చేయదు, కాబట్టి స్టాప్‌వాచ్ పెట్టుకుని పోటీలు పడకండి. మీకు విడిగా వ్యక్తిగత ప్రమాద బీమా ఉందో లేదో చూసుకోండి.

ఫిబ్రవరి నుంచి మొదటి వానల దాకా తోపు మూసేయండి. నీలగిరి ఆకులో నూనె ఉంటుంది. పడిపోయిన బండి వేడి సైలెన్సర్ ఆ ఎండుటాకుల కుప్పకు ఆనుకుంటే మంట లేవడానికి ఎంతోసేపు పట్టదు, పక్క మామిడి తోటకు పాకితే మీ జీతాలు చాలవు. మిగతా నెలల్లో కూడా గేటు దగ్గర ఒక ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, రెండు క్యాన్ల నీళ్లు ఉంచండి.

ఇప్పుడు భూమి వెతకడం మొదలుపెడితే పహణిలు చూడడం, ఒప్పందం, నడిచి జల్లెడ పట్టడం, వీటికే రెండు మూడు నెలలు పోతాయి. భూమి ఖాయమయ్యాక నాలుగు వైపుల నుంచి తీసిన ఫొటోలు, లెవెల్ ట్యూబుతో కొలిచిన వాలు శాతాలు, వంక ఎటు పారుతుందో చేత్తో గీసిన ఒక మ్యాపు పెట్టండి. మొదటి లూప్ ఎటు నుంచి ఎటు తిప్పాలో, పల్లాలు ఎక్కడ పడాలో చూసి చెప్తాను.